ఈతలో ఉన్న అమ్మాయికి అమెరికా డిగ్రీ: స్పోర్ట్స్ స్కాలర్‌షిప్ మీద ఎంతవరకు ఆధారపడొచ్చు?

కూకట్‌పల్లి నాన్న:

నమస్కారం అండి. మా అమ్మాయి సీబీఎస్‌ఈ 10వ తరగతి చదువుతోంది. రాష్ట్ర స్థాయిలో పతకాలున్నాయి, జూనియర్ నేషనల్స్‌కి వెళ్తోంది. 50 మీటర్ల పూల్‌లో 100 ఫ్రీస్టైల్ 1:00.8, 200 ఫ్రీస్టైల్ 2:12, 100 బటర్‌ఫ్లై 1:07. తొమ్మిదిలో 91 శాతం వచ్చింది. ఇంజనీరింగ్ చదవాలని ఉంది, ఈత మానేయాలని లేదు. ఏడాదికి అన్నీ కలిపి 18 లక్షలకు మించి పెట్టలేం.

ఒక కన్సల్టెన్సీ వాళ్లు "ఫుల్ స్కాలర్‌షిప్ ఖాయం, వచ్చిన దాంట్లో పది శాతం మాకు" అంటున్నారు. నమ్మవచ్చా? మెరిట్ స్కాలర్‌షిప్, ఆట స్కాలర్‌షిప్ రెండూ కలిపి ఇస్తారా? ఇప్పుడు ఇంటర్‌లో చేర్చాలా, సీబీఎస్‌ఈలోనే 11 చదివించాలా? పనులు ఎప్పటి నుంచి మొదలుపెట్టాలి? పాపకి తమ్ముడు కూడా ఉన్నాడు, బ్యాడ్మింటన్ ఆడతాడు. వాడికీ ఇదే దారి పనికొస్తుందా?

---

నాలుగో లేన్:

ముందు కన్సల్టెన్సీ సంగతి. ఆ పది శాతం మాట దగ్గరే ఆగిపోండి. వచ్చే స్కాలర్‌షిప్ మొత్తాన్ని బట్టి డబ్బు తీసుకుని కాలేజీలో చేర్పించే వాళ్లని ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటల పోటీల్ని నడిపే సంస్థ) ఏజెంటుగా లెక్కేస్తుంది. అలాంటి ఒప్పందం మీద సంతకం పెడితే పాప అర్హతకే ముప్పు. వీడియో తీయడానికో, ప్రొఫైల్ తయారు చేయడానికో ముందే చెప్పిన ఫీజు తీసుకుంటే ఇబ్బంది లేదు. ఫలితంలో వాటా అడిగితే మాత్రం వద్దనండి. పైగా "ఖాయం" అనే మాట కాలేజీ తప్ప ఎవరూ చెప్పలేరు, కాలేజీ కూడా కాగితం మీదే చెబుతుంది.

తమ్ముడి విషయం ఒక్క ముక్కలో: బ్యాడ్మింటన్‌కి ఎన్‌సీఏఏ ఛాంపియన్‌షిప్ లేదు, క్రికెట్‌కీ లేదు. మన ఊళ్లో బ్యాడ్మింటన్‌కి ఎంత పేరున్నా ఆ ఆటతో అక్కడ స్కాలర్‌షిప్ ప్లాన్ వేసుకోవద్దు. అడ్మిషన్ అప్లికేషన్‌లో మంచి కార్యకలాపంగా పనికొస్తుంది, అంతవరకే.

ఇక పాప టైమింగ్స్. అమెరికా కాలేజీలు పోటీ పడేది ఎక్కువగా 25 గజాల పూల్‌లో. అంటే 22.86 మీటర్లు. దూరం తక్కువ, టర్న్‌లు ఎక్కువ. అందుకే మన 50 మీటర్ల టైమ్‌ని నేరుగా పోల్చలేం. ఉజ్జాయింపుగా 1:00.8 అంటే గజాల్లో 53 సెకన్ల పైన, 2:12 అంటే 1:56 చుట్టుపక్కల, బటర్‌ఫ్లై 59 దాకా వస్తుంది. మెయిల్‌లో మీరు లెక్కగట్టిన టైమ్ రాయకండి. "50 మీటర్లు, ఫలానా మీట్, ఫలానా తేదీ" అని అసలుదే ఇవ్వండి, కోచ్‌లు వాళ్ల పట్టిక ప్రకారం మార్చుకుంటారు.

ఎన్‌సీఏఏ కాలేజీలు మూడు డివిజన్లు, వాటిలో 1 పైస్థాయి. ప్రతి డివిజన్‌లోనూ తమలో తాము పోటీ పడే కాలేజీల గుంపులే కాన్ఫరెన్సులు. ఈ టైమ్‌లతో పెద్ద కాన్ఫరెన్సుల డివిజన్ 1 జట్లు ఇప్పుడు అందవు. ఆటగాళ్లు వేసిన కేసులో ఎన్‌సీఏఏ కోర్టు సెటిల్‌మెంట్ తర్వాత 2025-26 నుంచి అందులో చేరిన కాలేజీలకు స్కాలర్‌షిప్ సంఖ్య మీద పరిమితి పోయి, జట్టులో ఎంతమంది ఉండాలన్న పరిమితి వచ్చింది. ఈతలో అది 30. దీంతో స్కాలర్‌షిప్ లేకుండా జట్టులో ఉండనిచ్చే చోట్లు కూడా బిగుసుకున్నాయి. పాపకి తగినవి డివిజన్ 2, డివిజన్ 3, డివిజన్ 1లో చిన్న కాన్ఫరెన్సులు. వచ్చే రెండేళ్లలో ఫ్రీస్టైల్ 58కి దిగితే బొమ్మ మారుతుంది.

ఒక కాలేజీకి పాప సరిపోతుందా లేదా తెలుసుకోవడానికి ఎవరినీ అడగనక్కర్లేదు. ఆ కాలేజీ ఆడే కాన్ఫరెన్స్ ఛాంపియన్‌షిప్ ఫలితాలు తెరవండి. పాయింట్లు వచ్చేది మొదటి 16 మందికో, 24 మందికో. గజాల్లోకి మార్చిన పాప టైమ్ ఆ గీత కంటే వేగంగా ఉంటే కోచ్‌కి మీరు అవసరం. ఆ జట్టులో అదే ఈవెంట్‌లో ఎంతమంది ఉన్నారు, పాప చేరే ఏడాదికి ఎవరు డిగ్రీ ముగించి వెళ్లిపోతారు అన్నదీ చూడండి. స్విమ్‌క్లౌడ్ అనే వెబ్‌సైట్‌లో జట్ల టైమ్‌లు ఉంటాయి. ముగ్గురు బటర్‌ఫ్లై అమ్మాయిలు ఒకేసారి వెళ్లిపోతున్న జట్టు దగ్గర 1:07కి ఉన్న విలువ, పదిమంది ఉన్న జట్టు దగ్గర ఉండదు. ఇంకో మాట: 200 ఫ్రీస్టైల్‌ని వదలొద్దు. రిలేలో 200 ఈదే వాళ్లు ప్రతి కోచ్‌కీ కావాలి.

కోచ్‌లు తమంతట తాము ఫోన్, మెసేజ్ చేయడానికి డివిజన్ 1లో చాలా ఆటలకు 10వ తరగతి అయిన ఏడాది జూన్ 15 నుంచే అనుమతి. అంతకు ముందు మీరు రాసినా జవాబు రాకపోతే అది తిరస్కారం కాదు. జూన్ మొదటి వారానికల్లా 40 నుంచి 60 కాలేజీల జాబితా సిద్ధంగా ఉంచుకోండి. ముందు ఆయా జట్ల వెబ్‌సైట్‌లో ఉన్న రిక్రూటింగ్ ప్రశ్నావళి నింపాలి, తర్వాత మెయిల్. మెయిల్ పాప పేరుతోనే, పాప ఐడీ నుంచే వెళ్లాలి. నాన్న రాసిన మెయిల్ చూస్తే "ఈ అమ్మాయికి నిజంగా రావాలనుందా" అని కోచ్‌కి సందేహం వస్తుంది. సబ్జెక్ట్ లైన్‌లోనే డిగ్రీలో చేరే ఏడాది, ఈవెంట్, టైమ్, దేశం. లోపల మార్కులు, ఎత్తు, శాట్ (అమెరికా కాలేజీల ప్రవేశ పరీక్ష) ఎప్పుడు రాస్తుందో, రెండు మూడు నిమిషాల వీడియో లింకు. వీడియోలో సంగీతం, పతకాల ఫోటోలు వద్దు. స్టార్ట్, నీటి అడుగున కిక్, రెండు టర్న్‌లు పక్క నుంచి కనబడాలి. టర్న్‌లు బాగోకపోయినా దాచకండి. గజాల పూల్‌లో టర్న్‌లే సగం పోటీ కాబట్టి కోచ్ ముందుగా చూసేది వాటినే.

---

మెమోల మాస్టారు:

ఇంటర్ లేదా సీబీఎస్‌ఈ అన్న ప్రశ్నకి నా అభిప్రాయం సూటిగా: పాప ఈత కొనసాగించాలంటే సీబీఎస్‌ఈలోనే ఉంచండి. బోర్డు గొప్పదని కాదు. పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్స్ పెట్టే జూనియర్ కాలేజీ టైమ్‌టేబుల్‌లో రోజూ రెండు పూటల పూల్ ఇమడదు. రెండో కారణం కాగితాలది. అమెరికా వాళ్లకి 9 నుంచి 12 దాకా నాలుగేళ్ల మార్కులు కావాలి. ఇంటర్‌కి మారితే 9, 10 ఒక స్కూల్ దగ్గర, మిగతాది కాలేజీ దగ్గర ఉండిపోతాయి. సిఫార్సు లేఖ రాయాల్సిన లెక్చరర్‌కి పాప పరిచయమయ్యేసరికి అప్లికేషన్ గడువు వచ్చేస్తుంది. అంచనా మార్కులు, కౌన్సిలర్ ఫారం అంటే ఏమిటో తెలియని ఆఫీసులు ఇంకా చాలానే ఉన్నాయి.

ఇప్పటికే ఇంటర్ నిర్ణయించుకుంటే కుదరదని కాదు. చేర్చే ముందే ప్రిన్సిపాల్‌ని మూడు అడగండి: పోటీలకి వెళ్లిన రోజులకి హాజరు ఎలా చూస్తారు, పన్నెండో తరగతి మధ్యలో ట్రాన్‌స్క్రిప్ట్ (మార్కుల పత్రం) ఇస్తారా, కాలేజీ అధికారిక ఈమెయిల్ నుంచి ఫారాలు అప్‌లోడ్ చేస్తారా. మూడోదానికి జవాబు తడబడితే ఆ కాలేజీ వద్దు.

ఎన్‌సీఏఏ అర్హత కోసం డివిజన్ 1, 2 రెండింటికీ 16 కోర్ కోర్సులు, అంటే 9 నుంచి 12 దాకా చదివిన ముఖ్య సబ్జెక్టులు ఉండాలి. వాటి సగటు నాలుగు పాయింట్ల లెక్కలో డివిజన్ 1కి 2.3, డివిజన్ 2కి 2.2. డివిజన్ 1లో ఇంగ్లిష్ 4, మ్యాథ్స్ 3, సైన్స్ 2, ఈ మూడింట్లో ఏదో ఒకటి అదనంగా 1, సోషల్ 2, మిగతా 4 ఇవే సబ్జెక్టుల నుంచో భాషల నుంచో. మన ఎంపీసీ పిల్లలకి లెక్కలు, సైన్సు పుష్కలం. సోషల్ రెండేళ్లు 9, 10లోనే వచ్చేస్తాయి కాబట్టి 9వ తరగతి మార్కులు ఎవరూ చూడరనే మాట ఇక్కడ చెల్లదు. ఆ రిపోర్టు కార్డు జాగ్రత్త చేయండి. స్కూల్ లెటర్‌హెడ్ మీద 9, 10 మార్కుల ట్రాన్‌స్క్రిప్ట్ ఇప్పుడే నాలుగు కాపీలు సీల్డ్ కవర్లలో తీసుకోండి.

చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఆటగాళ్లకి సులువని 11లో ఐదో సబ్జెక్టుగా ఫిజికల్ ఎడ్యుకేషన్ తీసుకుంటారు. ఎన్‌సీఏఏ దాన్ని కోర్‌గా లెక్కపెట్టదు. ఇంజనీరింగ్ అప్లికేషన్‌కీ బరువు పెంచదు. ఎకనామిక్స్ అయితే సోషల్ గడిలోకి వెళ్తుంది, స్కూల్‌లో ఉంటే అదే తీసుకోండి.

లాంగ్ టర్మ్ ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. 9 మొదలుపెట్టిన నాలుగేళ్లలో కోర్ కోర్సులు పూర్తి కావాలన్నది డివిజన్ 1 లెక్క. తర్వాత ఇంప్రూవ్‌మెంట్ రాసి మార్కులు పెంచుకున్నా అర్హత లెక్కలో వాటికి దాదాపు చోటుండదు. ఇంటర్ అయ్యాక ఏడాదికి మించి ఆగి, ఆ కాలంలో పోటీల్లో పాల్గొంటూ ఉంటే ఆడే అవకాశమున్న సీజన్లలో కోత పడుతుంది కూడా. జేఈఈ కోసం ఒక ఏడాది, దాంతో పాటు అమెరికా ఈత అన్నది ఒక పడవ మీద కాలు, ఇంకో పడవ మీద కాలు లాంటిదే.

హాజరు గురించి. సీబీఎస్‌ఈలో 75 శాతం ఉండాలి, జాతీయ అంతర్జాతీయ పోటీలకి వెళ్లిన వాళ్లకి మినహాయింపు ఉంది. కానీ అది తనంతట తాను రాదు. పోటీకి వెళ్లే ముందే ఫెడరేషన్ ఎంపిక లేఖ జత చేసి స్కూల్‌కి దరఖాస్తు ఇవ్వాలి, వచ్చాక పాల్గొన్న సర్టిఫికెట్ ఇవ్వాలి, బోర్డుకి స్కూలే పంపాలి. ఫిబ్రవరిలో వెళ్లి "ఇన్ని రోజులు పోటీలు సార్" అంటే వినేవాళ్లుండరు.

అన్నిటికంటే చిన్నదిగా కనబడి పెద్ద తలనొప్పి తెచ్చేది పేరు. మనవాళ్లకి టెన్త్ మెమోలో "కె. సాహితి" అని ఉంటుంది, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, ఈత ఫెడరేషన్ ఐడీలో నాన్న పేరు చివర. ఎన్‌సీఏఏలో, కాలేజీలో, ఐ-20లో (వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) మూడు రకాలుగా పడితే ఫలితాలు పాపవేనని నిరూపించడానికి నెలలు పడుతుంది. టెన్త్ బోర్డు అభ్యర్థుల జాబితా స్కూల్ పంపేటప్పుడే పాస్‌పోర్టు స్పెల్లింగ్‌కి సరిచూడండి. మెమో వచ్చాక దిద్దుబాటు కష్టం. పాస్‌పోర్టు లేకపోతే ఈ నెలే దరఖాస్తు చేయండి.

---

ఖర్చుల పద్దు:

పై ఇద్దరూ దారి చెప్పారు, నేను డబ్బు చెప్తాను. మెరిట్, ఆట స్కాలర్‌షిప్ రెండూ కలుస్తాయా అంటే, కలుస్తాయి. డివిజన్ 1లో 2020 నుంచి చదువుకి వచ్చే మెరిట్ డబ్బు జట్టు స్కాలర్‌షిప్ పరిమితిలో లెక్కకి రావట్లేదు. అందుకే కోచ్‌కి మంచి మార్కుల అమ్మాయి అంటే చవకలో దొరికే మంచి ఈతగత్తె. మీ పాప 91 శాతం అతని బడ్జెట్‌ని కాపాడుతుంది.

డివిజన్ 2లో మహిళల ఈతకి మొత్తం 8.1 స్కాలర్‌షిప్‌లే ఇవ్వగలరు. జట్టులో 25 మంది ఉంటే సమానంగా పంచినా ఒక్కొక్కరికి మూడో వంతు రాదు. పైగా చాలా కాలేజీలు ఆ 8.1 కూడా పూర్తిగా నిధులతో నింపవు. అందుకే "ఫుల్" అనే మాట ఈతలో అరుదు. డివిజన్ 3లో ఆట పేరు మీద రూపాయి ఇవ్వరు, ఆటగాడికని వేరే మెరిట్ కూడా ఇవ్వకూడదు. హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ లీగ్ కాలేజీల్లో ఆటకీ మెరిట్‌కీ రెండింటికీ లేదు, కుటుంబ అవసరాన్ని బట్టే సహాయం. అయితే డివిజన్ 3ని తీసిపారేయకండి. ప్రైవేటు కాలేజీలు చాలావాటిలో మెరిట్ పెద్దగా ఉంటుంది. ఆమ్‌హర్స్ట్, బోడన్ లాంటివి విదేశీ విద్యార్థుల అడ్మిషన్‌లో డబ్బు అవసరాన్ని చూడవు, ఇచ్చాక ఆ అవసరం మేరకు సహాయం చేస్తాయి. అక్కడికి చేరడం కష్టమే, కానీ అక్కడ కోచ్ మద్దతు అప్లికేషన్‌కి నిజంగా బలం. 11వ తరగతి అయిన వేసవిలో కోచ్ పాప మార్కులు అడ్మిషన్ ఆఫీసుకి చూపించి ముందస్తు అభిప్రాయం తెప్పిస్తారు. ఆ అవకాశం అడగాలి, అడగకపోతే వాళ్లంతట వాళ్లు ఎత్తకపోవచ్చు.

ఇప్పుడు ఒక ఊహాలెక్క. మొత్తం ఖర్చు 48,000 డాలర్లు: ట్యూషన్ 30,000, గది, భోజనం 13,000, ఇన్సూరెన్సు, పుస్తకాలు, ప్రయాణం 5,000. మెరిట్ 14,000, ఈత 10,000 వచ్చిందనుకోండి. మిగిలేది 24,000. డాలర్ 90 రూపాయలైతే 21.6 లక్షలు. మీ 18 లక్షల గీత దాటింది. అంటే ఇదే కాలేజీ మీకు సరిపోవాలంటే సహాయం కనీసం 28,000 ఉండాలి, లేదా మొత్తం ఖర్చు తక్కువున్న రాష్ట్ర కాలేజీ చూడాలి. కాలేజీ పేరు కంటే ముందు ఈ తీసివేత చేయండి.

కనబడని ఖర్చు ఇంకొకటి ఉంది. మెరిట్ సాధారణంగా నాలుగేళ్లూ ఒకే అంకె, ఫీజులు ఏటా పెరుగుతాయి. పైన లెక్కలోనే ఖర్చు ఏటా 4 శాతం పెరిగితే నాలుగేళ్లకి మొత్తం 2,03,800 డాలర్లు దాటుతుంది. సహాయం 96,000 అక్కడే ఆగుతుంది. మీ జేబులోంచి 96,000 అనుకున్నది 1,07,800 అవుతుంది. అదనంగా పదిన్నర లక్షలు. రూపాయి పడితే అది వేరు. అందుకే మొదటి ఏడాది బిల్లుని నాలుగుతో హెచ్చించి నిర్ణయం తీసుకోకండి. ఆఫర్ లెటర్ వచ్చినప్పుడు "ఫీజు పెరిగితే స్కాలర్‌షిప్ పెరుగుతుందా" అని రాతపూర్వకంగా అడగండి.

గడువులు. చాలా కాలేజీలు మెరిట్‌కి ప్రత్యేక గడువు పెడతాయి, ఎక్కువగా నవంబర్ 1 లేదా డిసెంబర్ 1. సాధారణ అడ్మిషన్ జనవరిలోనో, ఆ తర్వాతో ముగిసినా అప్పటికి పెద్ద స్కాలర్‌షిప్‌లు అయిపోయి ఉంటాయి. 12వ తరగతి దసరా సెలవుల్లో అప్లికేషన్లు పూర్తి కావాలని క్యాలెండర్‌లో రాసుకోండి, దీపావళి దాకా లాగొద్దు. ఫాఫ్సా అనే ప్రభుత్వ సహాయ దరఖాస్తు అమెరికా పౌరులకీ, అక్కడ స్థిరనివాసం ఉన్నవాళ్లకీ, మీకు కాదు. కొన్ని కాలేజీలు సీఎస్‌ఎస్ ప్రొఫైల్ (కుటుంబ ఆర్థిక వివరాల ఫారం) అడుగుతాయి, దానికి ఇద్దరి ఐటీ రిటర్నులు, ఇల్లు, బంగారం తాకట్టు దాకా అన్నీ అడుగుతారు. గత రెండేళ్ల రిటర్నులు సవ్యంగా దాఖలై ఉండాలి. నేషనల్ మెరిట్ అనే అమెరికా స్కాలర్‌షిప్ కూడా మనకి వర్తించదు.

తెలంగాణ ప్రభుత్వ విదేశీ విద్యానిధి గురించి ఎవరైనా చెప్తే, అది పీజీ చదువుల కోసం. డిగ్రీకి లెక్కలో వేసుకోవద్దు. ఇక్కడి నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటి సొంత డబ్బు పంపితే టీసీఎస్ (బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను) పడుతుంది. రిటర్నులో సర్దుబాటవుతుంది కానీ ఆగస్టులో చేతిలో ఆ డబ్బు ఉండాలి. విద్యారుణం నుంచి పంపితే ఆ బెడద లేదు.

అక్కడి పన్ను కూడా తెలుసుకోండి. ట్యూషన్, తప్పనిసరి ఫీజులు, పుస్తకాల వరకు స్కాలర్‌షిప్ మీద పన్ను లేదు. సహాయం ట్యూషన్‌ని దాటి గదికీ భోజనానికీ వెళ్తే ఆ భాగం మీద విదేశీ విద్యార్థికి 14 శాతం కాలేజీ కోస్తుంది. 6,000 డాలర్ల భోజనం, గది మీద 840. చాలామంది దాన్ని పోయిన డబ్బుగా వదిలేస్తారు. భారత్, అమెరికా పన్ను ఒప్పందం 21వ అధికరణంలో మన విద్యార్థులకి స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునే వీలుంది. మరే దేశం వాళ్లకీ సాధారణంగా దొరకని సదుపాయం ఇది. 1040-ఎన్‌ఆర్ అనే అక్కడి పన్ను రిటర్ను దాఖలు చేస్తే కోసింది ఎక్కువగా తిరిగొస్తుంది. దానికి పాపకి అక్కడి పన్ను నంబర్ ఒకటి కావాలి, ఆ ఐటిన్ కోసం మొదటి సెమిస్టర్‌లోనే కాలేజీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుకి వెళ్లమనండి.

---

కూకట్‌పల్లి నాన్న:

అందరికీ చాలా థాంక్స్ అండి. కన్సల్టెన్సీకి వద్దని చెప్పేస్తాను. ఇంకో రెండు అడగాలి. శాట్ అక్కర్లేదని కొందరు, తప్పదని కొందరు అంటున్నారు. రెండోది, అక్కడికి వెళ్లాక భుజం గాయమైతేనో, మార్కులు తగ్గితేనో డబ్బు ఆగిపోతుందా?

---

ఖర్చుల పద్దు:

ఎన్‌సీఏఏ అర్హతకి 2023 నుంచి శాట్, యాక్ట్ అక్కర్లేదు. ఆ వార్తనే అందరూ "శాట్ పోయింది" అని చెప్పుకుంటున్నారు. కాలేజీ మెరిట్‌కి మాత్రం శాట్ ఇంకా డబ్బే. మార్కుల పట్టికని బట్టి ఆటోమేటిక్‌గా మెరిట్ ఇచ్చే రాష్ట్ర యూనివర్సిటీల్లో ఒక మెట్టు పైకెక్కితే ఏడాదికి వేల డాలర్లు మారతాయి, నాలుగేళ్లకి నాలుగింతలు. గంటకి ఇంత లాభమిచ్చే సాధన పూల్‌లో కూడా లేదు. 11వ తరగతి అక్టోబరు లేదా డిసెంబర్‌లో ఒకసారి, మే నెలలో ఇంకోసారి రాయించండి. మార్చ్ వద్దు, స్కూల్ పరీక్షలు మీదికొస్తాయి. ఆగస్టుకి నెట్టకండి, జూనియర్ నేషనల్స్ సన్నాహం, 12వ తరగతి చదువు ఒకదాని మీద ఒకటి పడతాయి. చలికాలంలో వేడినీళ్లు లేని పూల్‌లలో సాధన ఎలాగూ తగ్గుతుంది, ఆ రెండు నెలల్ని శాట్‌కి వాడుకోండి.

గాయం గురించి: డివిజన్ 1లో 2024 ఆగస్టు నుంచి ఆట సరిగా లేదనో గాయమైందనో స్కాలర్‌షిప్ తీసేయకూడదు. డివిజన్ 2లో ఒప్పందం ఎక్కువగా ఏడాదికొకసారి కొత్తది రాస్తారు. అంటే ఆట డబ్బుని రెండో ఏడాది నుంచి ఉంటుందో లేదో అన్నట్టే లెక్కలో వేయాలి. మెరిట్ ఆ కోవలోది కాదు. జట్టు మానేసినా మెరిట్ ఉండేట్టు చూసుకోండి, కొన్ని చోట్ల అది ఆటతో ముడిపెట్టి ఉంటుంది, లేఖలో చదవాలి. కాలేజీలో చేరతానని ఆటగాళ్లు సంతకం పెట్టే పాత లెటర్ ఆఫ్ ఇంటెంట్ 2024 అక్టోబరులో రద్దయింది, ఇప్పుడు సంతకం పెట్టేది ఆర్థిక సహాయ ఒప్పందం మీదే. మొత్తం, కాలం, రద్దు షరతులు మూడూ అందులో ఉండాలి. కోచ్ ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు, ఆయన వచ్చే ఏడాది వేరే కాలేజీకి మారొచ్చు.

---

మెమోల మాస్టారు:

మార్కుల సంగతి నేను చెప్తాను. మెరిట్ నిలవడానికి చాలా కాలేజీలు నాలుగుకి 3.0 సగటు అడుగుతాయి, కొన్ని అంతకంటే ఎక్కువ. ఆడే అర్హతకి అంత అవసరం లేదు. అందుకని జట్టులో అంతా బాగానే ఉన్నట్టు కనబడుతూనే మెరిట్ చేజారిపోతుంది. ఇది జరిగేది ఎక్కువగా మొదటి సెమిస్టర్‌లో. సీజన్‌లో వారానికి 20 గంటల దాకా సాధన ఉంటుంది, ప్రయాణాలు దానికి అదనం. ఇంజనీరింగ్ ల్యాబ్‌లు మధ్యాహ్నం 2 నుంచి 5, సాధన కూడా అప్పుడే. చేరకముందే కోచ్‌ని అడగండి: గత నాలుగేళ్లలో మీ జట్టులో ఇంజనీరింగ్ పూర్తి చేసిన వాళ్లు ఎంతమంది? ఒక్కరూ లేరంటే అక్కడ మేజర్ మార్చుకోమంటారు.

మొదటి సెమిస్టర్‌లో క్యాలిక్యులస్, కెమిస్ట్రీ ల్యాబ్, ప్రోగ్రామింగ్ మూడూ ఒకేసారి వద్దు. 15 క్రెడిట్లు చాలు, 12కి తగ్గకూడదు. 12కి తగ్గితే ఎఫ్-1 అనే విద్యార్థి వీసా, ఆడే అర్హత రెండూ ఒకేసారి ప్రమాదంలో పడతాయి, ఒక కోర్సు వదిలేసే ముందు రెండు ఆఫీసులనీ అడగాలి. రెండో ఏడాది ముగిసేసరికి డివిజన్ 1లో డిగ్రీకి కావాల్సిన దాంట్లో 40 శాతం పూర్తవ్వాలన్నదీ గుర్తుంచుకోండి, మేజర్ మార్చేవాళ్లు తప్పటడుగు వేసేది ఇక్కడే. క్యాంపస్ బయట పేరు, ఫోటో అమ్ముకుని డబ్బు తీసుకోవడం అమెరికా ఆటగాళ్లకి మామూలే అయినా ఎఫ్-1 మీద ఉన్నవాళ్లకి అది వీసా గొడవ. సహచరులు చేశారని పాప చేయకూడదు.

---

నాలుగో లేన్:

ఇక్కడి తలుపు కూడా తెరిచి ఉంచండి. ఐఐటీ మద్రాస్‌లో 2024-25 నుంచి క్రీడాకారులకి ప్రతి బీటెక్ ప్రోగ్రాంలో రెండేసి అదనపు సీట్లు, అందులో ఒకటి అమ్మాయికి. జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు జాబితాలో పేరుండాలి, గత నాలుగేళ్లలో జాతీయ లేదా అంతర్జాతీయ పోటీలో కనీసం ఒక పతకం ఉండాలి. జూనియర్ నేషనల్స్‌లో కాంస్యం కూడా అందుకే విలువైనది. మన ఈఏపీసెట్‌లో క్రీడల కోటా అర శాతమే, సర్టిఫికెట్లు క్రీడా సంస్థ పరిశీలనకి వెళ్తాయి, నకళ్లు చెల్లవు. ఢిల్లీ యూనివర్సిటీ చూస్తే సీయూఈటీ రాయాలి, ఎంపికలో 75 శాతం బరువు ఆటది, 25 శాతం పరీక్షది. ఖేలో ఇండియాకి ఎంపికైతే నెలకి 10,000 చేతి ఖర్చు, శిక్షణ, పరికరాలతో కలిపి ఏడాదికి 6.28 లక్షల సహాయం. దానికి ఈ రెండేళ్లూ పోటీలు మానకూడదు.

ఇప్పటి నుంచి జూన్ దాకా చేయాల్సింది నా దృష్టిలో ఇదీ: పాస్‌పోర్టు, 9వ తరగతి ట్రాన్‌స్క్రిప్ట్, ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్‌లో ఉచిత ప్రొఫైల్, టర్న్‌ల వీడియో. డబ్బు కట్టే సర్టిఫికేషన్ ఖాతా డివిజన్ 1 లేదా 2 కోచ్ గట్టిగా అడిగాకే తెరవండి. వచ్చే మీట్ నుంచి ప్రతి ఫలితం పీడీఎఫ్ దాచండి, ఫెడరేషన్ లింకులు కొన్నాళ్లకి మాయమవుతుంటాయి. చేతి గడియారం టైమ్ వద్దు, ఎలక్ట్రానిక్ టచ్‌ప్యాడ్ ఉన్న మీట్ ఏదో కనుక్కుని అక్కడే 200 ఫ్రీస్టైల్ ఈదించండి.